టిక్కెట్టు ఎవరికి దక్కాలి?

కాలేజీ సావనీరులో ఇంగ్లండు ఫుట్‌బాల్ టిక్కెట్ల మీద వ్యాసమేమిటని కొందరు మిత్రులు నవ్వవచ్చు. నవ్వండి, తప్పులేదు. కానీ ఒక్క మాట. కావలసినవాళ్ళు లక్షమంది, ఉన్నవి ఇరవైవేలు. ప్రతివాడూ "నాకే హక్కుంది" అంటాడు. వాళ్ళలో చాలామంది చెప్పేది నిజమే కూడా. అప్పుడు ఎవరికివ్వాలి? ఇది ఆటకు సంబంధించిన ప్రశ్న కాదు, న్యాయానికి సంబంధించిన ప్రశ్న. హాస్టలు గది దగ్గర్నుంచి యూరియా బస్తా దాకా మనకు రోజూ ఎదురయ్యేదే. ఫుట్‌బాల్ వాళ్ళు దీనితో నూరేళ్ళుగా కుస్తీ పడుతున్నారు. వాళ్ళ అనుభవం మనకు పనికొస్తుందని నా నమ్మకం.

అన్నిటికన్నా పాత పద్ధతి, ముందొచ్చినవాడికి ముందు. 1923 ఏప్రిల్ 28న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో మొట్టమొదటి ఎఫ్.ఏ. కప్ ఫైనలు జరిగింది. బోల్టన్ వాండరర్స్‌కూ, వెస్ట్‌హామ్ యునైటెడ్‌కూ పోటీ. అది అన్నిటికీ ముందే టిక్కెట్లు అమ్మిన మ్యాచి కాదు. గేటు దగ్గర డబ్బు కట్టి లోపలికి పోవడమే. లెక్కల ప్రకారం వచ్చినవాళ్ళు 1,26,047 మంది. గోడలు దూకినవాళ్ళతో కలిపి రెండు లక్షలు దాటారని అంచనా. జనం మైదానం మధ్యదాకా నిండిపోయారు. గుర్రపు పోలీసులు వాళ్ళను మెల్లగా గీత అవతలికి నెట్టాక, మూడు పావుగంటలు ఆలస్యంగా ఆట మొదలైంది. పోలీసుల్లో ఒకరు ఎక్కిన తెల్లగుర్రం పేరుతోనే ఆ ఫైనల్‌ను ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ తర్వాత ఫైనళ్ళకు టిక్కెట్లు ముందే అమ్మడం మొదలుపెట్టారు.

అక్కడ 1923లో నేర్చుకున్న పాఠం మన దగ్గర దాదాపు వందేళ్ళ తర్వాత కూడా ఒంటపట్టలేదు. 2022 సెప్టెంబరు 22న సికింద్రాబాదు జింఖానా మైదానంలో, ఉప్పల్‌లో జరగబోయే భారత్–ఆస్ట్రేలియా క్రికెట్ మ్యాచి టిక్కెట్లకోసం జనం తోసుకున్నారు. కిందపడి గాయపడినవాళ్ళను ఆసుపత్రికి తీసుకుపోవలసి వచ్చింది. క్యూ న్యాయంగా కనిపిస్తుంది గానీ, అది గెలిపించేది తీరికా, కండబలమూ ఉన్నవాడిని. పొద్దున షిఫ్టుకు పోవలసినవాడూ, చంటిబిడ్డ తల్లీ, చేతికర్ర పట్టుకున్న ముసలాయనా ఆ వరసలో ముందుకు రాలేరు.

రెండో పద్ధతి, డబ్బున్నవాడిది. ధర పెంచుకుంటూ పోతే క్యూ దానంతటదే తగ్గుతుందని ఆర్థికశాస్త్రం చదివే మిత్రులు చెబుతారు. నిజమే, క్యూ తగ్గుతుంది. కానీ ఆ క్యూలోంచి పోయింది ఎవరు? లివర్‌పూల్ క్లబ్బు కొత్త స్టాండులో కొన్ని టిక్కెట్లు 77 పౌండ్లకు అమ్ముతామని ప్రకటించింది. 2016 ఫిబ్రవరి 6న సండర్లాండ్‌తో మ్యాచిలో 77వ నిమిషం రాగానే సుమారు పదివేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి వాళ్ళ జట్టు రెండు గోల్సు ఆధిక్యంలో ఉంది. మ్యాచి 2–2తో ముగిసింది! కొద్ది రోజుల్లోనే యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధర వెనక్కి తీసుకున్నారు. ఆ సంవత్సరమే ప్రీమియర్ లీగు క్లబ్బులన్నీ కలిసి, ఎదుటివాళ్ళ ఊరికి వచ్చే అభిమానికి టిక్కెట్టు 30 పౌండ్లు మించకూడదని ఒప్పుకున్నాయి. గెలుస్తున్న మ్యాచిని వదిలి నడవడం మాటలు కాదు. వాళ్ళు అలా నడిచారు గనుకనే ధర దిగింది.

మూడో పద్ధతి, విధేయతకు మార్కులు. ఇంగ్లండులో చాలా క్లబ్బులు దీన్నే పాటిస్తాయి. దూరపు ఊళ్ళకు వెళ్ళి మ్యాచి చూస్తే ఇన్ని పాయింట్లు, ఎక్కువ పాయింట్లున్నవాడికి పెద్ద మ్యాచి టిక్కెట్టు ముందు. వినడానికి ఎంతో బాగుంది. లండన్ నుంచి న్యూకాజిల్ నాలుగువందల కిలోమీటర్ల పైమాట. వారం మధ్యలో రాత్రి మ్యాచి అయ్యాక తిరుగు రైలు దొరకడం కష్టం. చలిలో, వానలో, జట్టు ఓడిపోతుందని తెలిసి కూడా వెళ్ళినవాడికి ఫైనల్‌లో చోటు లేదంటే అంతకన్నా అన్యాయం ఉంటుందా? ఉండదు. ఈ వాదాన్ని నేను పూర్తిగా గౌరవిస్తాను.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. దూరపు మ్యాచికి టిక్కెట్టు కొనాలన్నా చాలాచోట్ల ముందే పాయింట్లుండాలి. పాయింట్లున్నవాడికే పాయింట్లు! ఇరవై ఏళ్ళ క్రితం మొదలుపెట్టినవాడు ఎప్పటికీ ముందే ఉంటాడు. ఈరోజు పదహారేళ్ళ కుర్రవాడు ఎంత పిచ్చిగా ప్రేమించినా ఆ మెట్టు ఎక్కలేడు. పైగా కొందరు టిక్కెట్టు కొని, తాము వెళ్ళకుండా ఇంకొకరికిచ్చి పాయింట్లు మాత్రం తమ ఖాతాలో వేసుకుంటారు. అందుకే కొన్ని క్లబ్బులు స్టేడియం దగ్గరే గుర్తింపు చూపించి టిక్కెట్టు తీసుకోమంటున్నాయి.

ఈ విషయం ఇంటి దగ్గర మాటల్లో వస్తే మా నాన్న కాలువ సంగతి ఎత్తారు. మాది కాలువ చివరి భూమి. పై రైతు పొలం తడిసి, మిగిలితే మాకు. "తూము దగ్గరివాడికి నీళ్ళు ముందొచ్చాయంటే వాడికి వ్యవసాయం మీద ప్రేమ ఎక్కువని కాదురా, వాడి పొలం దగ్గరుంది, అంతే" అన్నారు. ఎన్ని అర్థశాస్త్ర పుస్తకాలు చదివినా నాకు దొరకని మాట అది. పాయింట్ల పట్టికలో పైనున్నవాళ్ళలో కొందరు నిజంగా ప్రేమించినవాళ్ళు, కొందరు కేవలం తూము దగ్గర పుట్టినవాళ్ళు. పట్టిక చూస్తే ఈ ఇద్దరికీ తేడా తెలియదు.

అలాగైతే అందరి పేర్లూ డబ్బాలో వేసి చీటీ తీస్తే సరిపోదా? ఇది నాలుగో పద్ధతి. చీటీకి కులం లేదు, సిఫారసు లేదు. కానీ లెక్కల విద్యార్థిగా ఒక సంగతి చెప్పాలి. ప్రతిసారీ సగం మందికి టిక్కెట్టు దక్కుతుందనుకుందాం. వరుసగా ఐదు పెద్ద మ్యాచులకు చీటీ వేసి ఐదుసార్లూ దక్కనివాడు ప్రతి 32 మందిలో ఒకడు ఉంటాడు. 3,200 మంది ఉంటే సుమారు వందమంది! ఏ తప్పూ చేయకుండా, అన్నిసార్లూ వరసలో ఉండి, ఐదుసార్లూ ఇంటి దగ్గర కూర్చునేవాళ్ళు. చీటీకి పక్షపాతం లేదు నిజమే. కానీ దానికి జ్ఞాపకం కూడా లేదు.

జ్ఞాపకం ఉన్న పద్ధతి మన పల్లెల్లో ఉంది. నీళ్ళు తక్కువైనప్పుడు కాలువల మీద వారబందీ పెడతారు. ఇన్ని రోజులు పైవాళ్ళకు, ఇన్ని రోజులు కిందివాళ్ళకు. పోయిన తడవ ఎవరికి అందలేదో ఈ తడవ వాళ్ళ వంతు. అది అమలు కావడంలో లోపాలు నాకు బాగా తెలుసు, అర్ధరాత్రి కాలువ గట్టున కాపలా పడుకున్నవాణ్ణే. కానీ సూత్రం మాత్రం సరైనది: పొందినవాడి లెక్కతోపాటు పొందనివాడి లెక్క కూడా రాసిపెట్టుకోవాలి. ఫుట్‌బాల్ పాయింట్లలో లేనిది ఈ రెండో లెక్కే. దరఖాస్తు పెట్టి దక్కనివాడికి కూడా పాయింటు ఇవ్వాలి. మూడుసార్లు పోగొట్టుకున్నవాడి చీటీలు నాలుగోసారి డబ్బాలో ఎక్కువ ఉండాలి.

ఇంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. అసలు కాలువలోకి ఎంత నీరు వదిలారు? 2007లో ఏథెన్స్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు స్టేడియంలో చోటు దాదాపు 63 వేలమందికి. ఆడిన రెండు క్లబ్బులు లివర్‌పూల్, ఏ.సి. మిలాన్. ఒక్కొక్క క్లబ్బు అభిమానులకు ఇచ్చినవి దాదాపు 17 వేలు. అంటే సగం కన్నా కాస్త ఎక్కువ మాత్రమే వాళ్ళ చేతికి వచ్చాయి. తక్కినవాటిలో పెద్ద భాగం స్పాన్సర్లకూ, సంఘాల పెద్దలకూ, అతిథులకూ పోయింది. దొంగ టిక్కెట్లు తిరిగాయి, గేట్ల దగ్గర తోపులాట జరిగింది, అసలు టిక్కెట్టు చేతిలో ఉన్నవాళ్ళు కొందరు బయటే మిగిలిపోయారు. అభిమానులు ఒకరినొకరు "నువ్వు నిజమైనవాడివి కావు, నేను నిజమైనవాణ్ణి" అని తిట్టుకుంటారు గానీ, ఆ పైన పోయిన వాటా గురించి అడిగేవాళ్ళు తక్కువ. చివరి పొలం రైతులిద్దరూ గట్టు దగ్గర కొట్టుకుంటుంటే పైన తూము తెరిచినవాడు హాయిగా నిద్రపోతాడు.

ఇక నా సంగతి. అర్ధరాత్రి దాటాక హాస్టల్లో ఫోను చుట్టూ మూగి ఈ మ్యాచులు చూసే గుంపులో నేనూ ఒకణ్ణి. నేనూ అభిమానినే. కానీ ఆ ఊళ్ళో పుట్టి, తండ్రి చెయ్యి పట్టుకుని స్టేడియానికి నడిచినవాడికన్నా ముందు నాకు టిక్కెట్టు కావాలని అడగను. డబ్బున్న విదేశీయుడికి ఖరీదైన భోజనంతో కలిపి సీటు అమ్ముకుని, ఆ వీధి కుర్రవాణ్ణి బయట నిలబెడితే అది నాకు జరిగిన మర్యాదగా నేను అనుకోలేను.

కనుక నా అభిప్రాయం ఇది. ఒకటి: మొత్తం ఎన్ని, ఎవరెవరికి ఎన్ని అన్నది ముందే గోడకు అంటించాలి. రెండు: పెద్ద భాగం, ముప్పాతిక అనుకోండి, నిజంగా వచ్చి చూసినవాళ్ళకు ఇవ్వాలి. ఆ లెక్క ఇటీవలి మూడు నాలుగు సంవత్సరాలదే కావాలి, తాతల నాటిది కాదు. మూడు: మిగిలిన పావు చీటీ ద్వారా ఇవ్వాలి, పోయినసారి దక్కనివాళ్ళకు ఎక్కువ చీటీలతో. నాలుగు: వెళ్ళలేనివాడు అసలు ధరకే తిరిగి క్లబ్బుకు ఇవ్వాలి. ఫుట్‌బాల్ టిక్కెట్లను అనుమతి లేకుండా మారు అమ్మడం ఇంగ్లండులో 1994 చట్టం ప్రకారం నేరం కూడా.

ఇదంతా సముద్రాల అవతలి ముచ్చటగా వదిలేయవద్దని మనవి. మన కాలేజీ జట్టు అంతర కళాశాలల ఫైనల్‌కు వెళ్తే బస్సులో నలభై సీట్లుంటాయి. ఎవరు ఎక్కుతారు? యూనియన్ నాయకుల స్నేహితులా, ఎండలో ప్రతి మ్యాచికీ వచ్చి గొంతు చించుకున్నవాళ్ళా, రావాలని ఉన్నా సాయంత్రం పార్ట్ టైమ్ పనికి పోయేవాళ్ళా? వార్షికోత్సవం పాసుల సంగతీ అంతే. కొత్తగా ఎన్నికైన కార్యవర్గానికి నా విన్నపం ఒక్కటే: ముందు నోటీసు బోర్డు మీద లెక్క పెట్టండి. పోయినసారి ఎవరికి అందలేదో వాళ్ళ పేర్లు ఒక నోటుపుస్తకంలో రాసి, వచ్చే యూనియన్‌కు అప్పగించండి. ఖర్చు ఇరవై రూపాయలకు మించదు.

— ఒక విద్యార్థి, బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం