దుమ్ములగొండి దొంగ కాదు

ఎవరినైనా తిట్టాలంటే మన నాయకులకూ, పత్రికలకూ ముందుగా గుర్తొచ్చే జంతువు హైనా. పీక్కుతినే హైనాలు, గుంపుగా మీదపడే హైనాలు అంటారు. ఈ మాట వాడేవాళ్లలో ఎందరు ఆ జంతువును చూశారు? దానికి దుమ్ములగొండి అనే తెలుగు పేరుందని ఎందరికి తెలుసు? దుమ్ము అంటే ఎముక. ఎముకలు నమిలే జంతువు కనుక ఆ పేరు. పేరు పెట్టినవాళ్లు దాని పనిని చూసి పెట్టారు, తిట్టడానికి పెట్టలేదు.

ముందు దాని రూపం సంగతి చూద్దాం. ముందు కాళ్లు పొడుగు, వెనక కాళ్లు పొట్టి. అందుకే వీపు తోక వైపు జారినట్టుంటుంది, నడక కుంటినట్టు కనబడుతుంది. బూడిదరంగు ఒంటిమీద నల్లచారలు, గొంతు కింద నల్లమచ్చ, వీపు పొడుగునా జూలు. ఆపద వస్తే ఆ జూలు నిక్కబొడుచుకుని ఉన్నదానికంటే పెద్దగా కనబడుతుంది. చూడటానికి కుక్కలా ఉన్నా, శాస్త్రం లెక్కలో అది పిల్లికీ ముంగిసకీ దగ్గర చుట్టం. నడక వంకరగా ఉంది కనుక బుద్ధీ వంకరే అని తేల్చేశారు. రూపం చూసి గుణం రాసే అలవాటు మన దేశంలో పాతదే. ఆ రాతకు బలైనవాళ్లం మేం.

ఇక నడవడి. గుంపుకట్టడం, వికృతంగా నవ్వడం ఆఫ్రికా మచ్చల హైనా సంగతులు. మన దేశంలో ఉన్నది చారల హైనా ఒక్కటే. అది నవ్వదు, పెద్దగా అరవదు. రాత్రిపూట చాలావరకు ఒంటరిగా తిరుగుతుంది. పగలు రాతిగుట్టల సందుల్లో పడుకుంటుంది. పిల్లల కోసం తిండి గుహకు మోసుకొస్తుంది. ఎప్పుడైనా మేకనో కుక్కనో పట్టదని మేం అనం. కానీ దాని ముఖ్యమైన పని చచ్చిన గొడ్డును ఎముకలతో సహా తినేయడం. ఊరి కంపును, రోగాన్ని ఊరికి దూరం చేసే పని అది. జీతం లేని ఆ పనికి దక్కింది తిట్టు.

పోనీ, ఆఫ్రికా హైనా అయినా దొంగేనా? హాన్స్ క్రూక్ అనే శాస్త్రవేత్త 1960లలో టాంజానియాలోని ఎన్‌గోరోంగోరోలో రాత్రిళ్లు వాటి వెంట తిరిగాడు. అవి సొంతంగా వేటాడతాయని, అక్కడ సింహాలే వచ్చి ఆ వేటను లాక్కుంటాయని తేల్చాడు. 1972లో పుస్తకమూ రాశాడు. తెల్లారి వచ్చినవాడికి తింటున్న సింహం, చుట్టూ కాచుకున్న హైనాలు కనబడతాయి. వాడు సింహాన్ని రాజన్నాడు, హైనాను దొంగన్నాడు. ఆడవే పెత్తనం చేసే, తల్లి హోదా బిడ్డకు దక్కే ఆ సమాజం వాడి కంటికి ఆనలేదు. ఆ పుస్తకం వచ్చిన ఇరవై రెండేళ్లకు, 1994లో, లయన్ కింగ్ సినిమా మళ్లీ పాత కథే చెప్పింది.

మా కథా తెల్లారి వచ్చినవాళ్లు రాసిందే. 1/70 చట్టం ఉన్నా ఏజెన్సీలో మా భూములు చేతులు మారాయి. పోడు చేసుకునే మమ్మల్నే ఆక్రమణదారులంటున్నారు. 1871లో బ్రిటిష్ సర్కారు నేరస్థ జాతుల చట్టం తెచ్చి పుట్టుకనే నేరం చేసింది. ఎరుకలవాళ్లను స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేయించింది. అదే సర్కారు దుమ్ములగొండిని, తోడేలును చంపితే బహుమతులిచ్చింది. చట్టం 1952లో పోయింది. అనుమానం మాత్రం పోలీసు స్టేషన్లలో ఇంకా బతికే ఉంది.

పులికి 1973లోనే ప్రాజెక్టు వచ్చింది. దుమ్ములగొండికి మాత్రం గ్రానైటు కోసం గుట్టలు పేల్చే మందుగుండు, కళేబరాలకు పూసే విషం, రోడ్డు మీద లారీ మిగిలాయి. గుట్ట పోతే దాని ఇల్లు పోతుంది. మా దేవుళ్ల తావులూ, మా పశువుల మేతా దాంతోనే పోతాయి.

కాబట్టి మేం అడుగుతున్నాం. గ్రామసభ ఒప్పుకోకుండా గుట్టను ముట్టుకోవద్దు. కళేబరాలకు విషం పూయడం ఆపించండి. పిల్లల పాఠాల్లోంచి పుట్టుదొంగ అనే మాట తీసేయండి, జంతువు గురించైనా, మనిషి గురించైనా. దోచుకునేవాణ్ని తిట్టాలనిపిస్తే వాడి పేరుపెట్టి తిట్టండి. మా అడవి జీవిని అందులోకి లాగకండి.