లేజర్ ఆయుధానికి అసలు పరీక్ష గాలితోనే.. ఆ గాలిని కొలిచేదీ లేజరే!

2025 ఏప్రిల్ 13న కర్నూలులోని నేషనల్ ఓపెన్ ఎయిర్ రేంజ్‌లో డీఆర్‌డీవో కీలక ప్రయోగం చేసింది. వాహనంపై అమర్చిన ఎంకే-2(ఏ) లేజర్ ఆయుధంతో డ్రోన్లను దెబ్బతీసి చూపించింది. హైదరాబాద్‌లోని 'చెస్' ప్రయోగశాల అభివృద్ధి చేసిన ఈ ఆయుధం శక్తి 30 కిలోవాట్లు. కొన్ని సెకన్లు ప్రయోగిస్తే అయ్యే ఖర్చు రెండు లీటర్ల పెట్రోల్ ఖర్చంతేనని అధికారులు ప్రకటించారు.

దాంతో చర్చంతా కిలోవాట్ల చుట్టూనే తిరిగింది. కానీ లేజర్ ఎంత దూరం పనిచేస్తుందన్నది కిలోవాట్లు ఒక్కటే తేల్చవు. ఆయుధానికీ డ్రోన్‌కూ మధ్య ఉన్న గాలి కూడా తేలుస్తుంది.

గాలి ఏం చేస్తుంది?

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద దూరంగా వచ్చే బస్సు వణుకుతున్నట్టు కనిపిస్తుంది. వణికేది బస్సు కాదు. రోడ్డు మీంచి లేచే వేడి గాలి, చుట్టూ ఉన్న చల్లగాలితో కలుస్తూ వెలుతురును అటూ ఇటూ వంచుతుంది. నక్షత్రాలు మిణుకుమనడానికీ ఇదే కారణం.

లేజర్ కిరణానికీ ఇదే తిప్పలు. అది గురి నుంచి పక్కకు జరుగుతుంది, వెడల్పవుతుంది, దాని వెలుగు క్షణక్షణం హెచ్చుతగ్గులవుతుంది. డ్రోన్‌పై పడే లేజర్ చుక్క వ్యాసం రెట్టింపైతే చాలు, ఒక్కో చదరపు సెంటీమీటరుపై పడే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. అంటే 30 కిలోవాట్ల లేజర్ కూడా ఏడున్నర కిలోవాట్ల లేజర్‌లా పనిచేస్తుందన్నమాట.

కొలిచేదెలా?

ఇందుకు వాడే పరికరం సింటిలోమీటర్. ఒక చివర నుంచి చిన్న లేజర్ కిరణాన్ని పంపుతారు. రెండో చివర రిసీవర్ ఆ వెలుగులోని హెచ్చుతగ్గులను సెకనుకు ఎన్నోసార్లు నమోదు చేస్తుంది. వాటి నుంచి 'సీఎన్ స్క్వేర్' అనే సంఖ్యను లెక్కగడతారు. ఆ దారిలో గాలి ఎంత అల్లకల్లోలంగా ఉందో అది చెబుతుంది.

నేలకు దగ్గర్లో మధ్యాహ్నం ఈ సంఖ్య బాగా పెరుగుతుంది. సూర్యోదయం, సూర్యాస్తమయం వేళల్లో బాగా తగ్గుతుంది. ఒకే చోట, ఒకే రోజులో తేడా వంద రెట్ల దాకా ఉండొచ్చు. దూరం ప్రభావమూ పెద్దదే. గాలి కాస్త నిలకడగా ఉన్నప్పుడు కూడా దూరం రెట్టింపైతే హెచ్చుతగ్గుల కొలత సుమారు మూడున్నర రెట్లవుతుంది. ఈ పద్ధతికీ ఓ హద్దుంది. దూరం, కల్లోలం మరీ ఎక్కువైతే హెచ్చుతగ్గులు పెరగడం ఆగిపోతుంది. అప్పుడు గాలి ఉన్నదానికంటే ప్రశాంతంగా ఉన్నట్టు లెక్క తప్పే ప్రమాదం ఉంది.

విరుగుడు ఉందా?

ఉంది. ఖగోళ శాస్త్రవేత్తలు చాలాకాలంగా వాడుతున్నదే. చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్ నుంచి లేజర్‌ను పైకి పంపి, సుమారు 90 కిలోమీటర్ల ఎత్తులోని సోడియం పొరలో కృత్రిమ నక్షత్రాన్ని వెలిగిస్తారు. దాని వెలుగు గాలిలో ఎలా చెదిరిందో కొలిచి, అద్దం ఆకారాన్ని సెకనుకు వందలసార్లు మార్చి సరిచేస్తారు. అయితే టెలిస్కోప్ చూసే నక్షత్రం ఎటూ పారిపోదు. డ్రోన్ అలా కాదు, క్షణానికో దిక్కు తిరుగుతుంది. దాంతో పాటే గాలి దారీ మారిపోతుంది. అసలు కష్టం ఇక్కడే.

ఇది ఆయుధాల సంగతి మాత్రమే కాదు. ఐఐటీ ఢిల్లీ, డీఆర్‌డీవో 2025 జూన్‌లో కిలోమీటరుకు పైగా దూరం గాలిలోంచే క్వాంటమ్ సమాచారం పంపినట్టు ప్రకటించాయి. ఆ దూరం పెంచాలన్నా దాటాల్సింది ఈ గాలినే.

అందుకే ఇకపై లేజర్ ప్రయోగం వార్త వచ్చినప్పుడు ఎన్ని కిలోవాట్లు అని మాత్రమే అడిగితే సరిపోదు. ఎంత దూరంలో, ఏ వేళలో, గాలి ఎలా ఉన్నప్పుడు అనీ అడగాలి. సరిహద్దు దాటొచ్చే డ్రోన్ చల్లటి సాయంత్రం కోసం ఆగదు కదా!