తాళం వేస్తే భద్రత వచ్చేసినట్టేనా?

మా బడి మీదుగా రోజూ విమానాలు పోతుంటాయి. దేవనహళ్ళి దగ్గర విమానాశ్రయం 2008 మే నెలలో మొదలైంది కాబట్టి, నేను పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడు వింటూనే ఉన్నాను. తరగతిలో సార్ వాక్యం మధ్యలో ఆగి, విమానం పోయాక మిగతా సగం చెబుతారు. మాకది అలవాటే. ఈ మధ్య ఆ విమానాలను చూసినప్పుడల్లా నాకొక ప్రశ్న వస్తోంది. అంత ఎత్తున వందలమంది ఎగరొచ్చు. కింద మైదానంలో మేము మాత్రం ఎందుకు పరుగెత్తకూడదు?

సంగతేమిటంటే, పోయిన ఏడాది ఏడో తరగతి పిల్లవాడొకడు ఖోఖో ఆడుతూ పడ్డాడు. చెయ్యి విరిగింది. వాళ్ళింటివాళ్ళు వచ్చి గట్టిగానే అడిగారు. మరుసటి వారం నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. విరామంలో పరుగెత్తరాదు, ఖోఖో, కబడ్డీ ఆడరాదు, వెనక గేటుకు తాళం వేయబడును. అన్నిటికీ ఒకటే కారణం: 'పిల్లల భద్రత దృష్ట్యా'. ఆ పిల్లవాడి చెయ్యి రెండు నెలల్లో అతుక్కుంది. ఆ కాగితం మాత్రం ఇంకా ఊడలేదు.

ఇంట్లో ఈ మాట చెబితే మా నాయన నవ్వారు. "మీ కాలంలో అన్నీ రూల్సే. మేము చింతచెట్లెక్కినాము, బావుల్లో దూకినాము. మాకేమయింది?" అన్నారు. పక్కన అనపకాయలు ఒలుస్తున్న మా అవ్వ తలెత్తకుండానే, "నీకేమీ కాలేదు లేరా. మా తమ్ముడికి అయింది కదా" అనింది. ఆయన ఎనిమిదేళ్ళ వయసులో బావిలో పడి పోయాడట. నాయన మళ్ళీ మాట్లాడలేదు. నాకు అప్పుడు అర్థమైంది. "మాకేమీ కాలేదు" అని చెప్పగలిగేది బతికున్నవాళ్ళే. పోయినవాళ్ళు వచ్చి చెప్పలేరు.

అందుకే నేను రూల్సే వద్దనే పక్షం కాదు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడి వంటగదిలో లేచిన నిప్పు పైకప్పుకు అంటుకుంది. 94 మంది పిల్లలు కాలిపోయారు. ఆ తర్వాత వేసిన కేసులో సుప్రీంకోర్టు 2009లో తీర్పు చెబుతూ, చదువుకునే హక్కులోనే భద్రమైన బడిలో చదివే హక్కు కూడా ఉందని స్పష్టం చేసింది. మా వరండాలో వేలాడే ఎర్ర సిలిండరును చూస్తే నాకు ఆ 94 మంది గుర్తొస్తారు. దాన్ని ఎవరైనా 'అతి' అంటే నేను ఒప్పుకోను.

మరి నా గొడవ ఏమిటంటారా? రూల్సు రెండు రకాలు. ఒక రకం రూలు ఒక పనిని ప్రమాదం లేకుండా చేసే దారి చూపిస్తుంది. ఇంకో రకం రూలు ఆ పనే చేయొద్దంటుంది. మొదటిదానికి డబ్బు కావాలి, శ్రమ కావాలి, శిక్షణ కావాలి. రెండోదానికి ఒక కాగితం, ఒక తాళం చాలు. మనం రెండోది చేసి, మొదటిది చేశామని అనుకుంటున్నాం.

మళ్ళీ విమానాల దగ్గరికే వస్తాను. పెద్ద విమానాన్ని ప్రయాణికుల కోసం అనుమతించే ముందు ఒక పరీక్ష పెడతారు. సగం తలుపులు పనిచేయకపోయినా, చీకట్లో, 90 సెకన్లలో అందరూ బయటపడగలరని నిరూపించాలి. 2024 జనవరి 2న టోక్యోలోని హనేడా విమానాశ్రయంలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం దిగుతూ మరో చిన్న విమానాన్ని గుద్దుకుని అంటుకుంది. ఆ చిన్న విమానంలోని ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు. పెద్ద విమానంలో ఎనిమిది తలుపులుంటే మూడే వాడుకోగలిగారు. అయినా అందులోని 379 మందీ ప్రాణాలతో బయటికొచ్చారు. విమానాల రూలు "ఎగరొద్దు" అనలేదు. "దిగే దారి తెరిచి ఉంచు, దిగడం నేర్పించు" అనింది.

ఇప్పుడు మా సంగతి చూడండి. మొన్న మాక్ డ్రిల్ పెట్టారు. ముందువైపు మంటలున్నాయని అనుకోమన్నారు. మేమంతా వరసగా వెనక గేటు దగ్గరికి పోయాం. దానికి తాళం. తాళంచెవి వాచ్‌మన్ తాత జేబులో ఉంది. తాత టీ తాగడానికి పోయినాడు. ఆయన వచ్చి తెరిచేసరికి పదకొండు నిమిషాలయింది. చిన్నపిల్లలు నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. 1997లో ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాల్లో పొగ కమ్ముకున్నప్పుడు బాల్కనీ తలుపులు మూసి ఉన్నాయి. 59 మంది పోయారు. మా గేటుకు తాళం వేసినవాళ్ళ ఉద్దేశం మంచిదే. బయట రోడ్డు మీద లారీలు తిరుగుతాయి, పిల్లలు పరుగెత్తుతారని భయం. కానీ ఒక ప్రమాదాన్ని ఆపబోయి ఇంకొకదానికి మమ్మల్ని అప్పగించకూడదు కదా!

ఇంకో మాట. 2009 విద్యాహక్కు చట్టం చివర బడికి ఏమేమి ఉండాలో పట్టిక ఉంది. అందులో ప్రహరీ ఉండాలని ఉంది. ఆటస్థలం ఉండాలని కూడా ఉంది. మనం గోడను ఉంచుకుని ఆటను తీసేశాం.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట చెప్పాలి, కోపం తెచ్చుకోవద్దు. ఒకరోజు పొద్దున మా గేటు దగ్గర నిలబడి చూశాను. నాలుగేళ్ళు దాటిన ప్రతివారూ ద్విచక్ర వాహనం మీద హెల్మెట్ పెట్టుకోవాలని చట్టం. పిల్లల తలల మీద హెల్మెట్లు ఒక చేతివేళ్ళతో లెక్కపెట్టేటన్నే కనబడ్డాయి. కొన్ని బండ్ల మీద ముగ్గురేసి పిల్లలు. మట్టినేల మీద పరుగెత్తితే ప్రమాదమని బడిని నిలదీసేవాళ్ళు, తారురోడ్డు మీద మా తలలను ఎందుకు మరిచిపోతున్నారు?

"ఏమైనా జరిగితే బాధ్యత ఎవరిది?" అని మా టీచర్లు అడుగుతారు. ఆ భయం న్యాయమైనదే. పిల్లవాడి మోకాలు గీసుకుపోయినా వాళ్ళనే అంటున్నాం. అలా అన్నన్నాళ్ళూ వాళ్ళు తాళాలే వేస్తారు. కాబట్టి ఆడేటప్పుడు తగిలే చిన్న దెబ్బలకు టీచర్లను తిట్టబోమని పెద్దలు మాట ఇవ్వాలి. విరామంలో ఒక టీచరు మైదానంలో ఉండాలి, మందులపెట్టె దగ్గరుండాలి. వెనక గేటుకు లోపలినుంచి తాళంచెవి లేకుండా తెరుచుకునే గడియ పెట్టించి, అక్కడ ఒక మనిషిని ఉంచాలి. వచ్చే డ్రిల్లులో గడియారం పట్టుకుని లెక్కపెట్టాలి.

ఇక మైదానంలో రాళ్ళు ఉన్నాయంటారా? శనివారం బడి వదిలాక పదో తరగతి వాళ్ళం వచ్చి ఏరేస్తాం. తట్టలు మేమే తెచ్చుకుంటాం. ఆ కాగితం ఎప్పుడు తీసేస్తారో మాత్రం పెద్దలు చెప్పాలి.