కంచంలో ప్రపంచం

లోకవ్యవహారాలు అనగానే మనకు స్ఫురించేవి దేశాధినేతల సమావేశాలు, యుద్ధాలు, ఒప్పందాలు. వంట అనగానే స్ఫురించేవి నాలుగు గోడలు, ఒక పొయ్యి, దాని ముందు నిలబడిన తల్లి. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదని చిన్నతనం నుండి అనుకుంటూ వస్తాం. అందువల్లనే ఇంట్లో రాజకీయ చర్చ సాగేటప్పుడు వంట చేసేవారి అభిప్రాయాన్ని సాధారణంగా ఎవరూ అడగరు. ఈ అలవాటు ఎంత పొరపాటో తెలియాలంటే తెనాలి పట్టణంలోని ఒక గృహిణి మాటలు వినాలి.

ఆమె వయస్సు డెబ్బై దాటింది. పుట్టినది రేపల్లె దగ్గరి ఒక పల్లె, మెట్టినది తెనాలి, ఆమె చెల్లెలి అత్తవారి ఊరు బాపట్ల. ఈ మూడు ఊళ్ళ నడుమనే ఆమె జీవితం గడిచింది. చదువు ఉన్నత పాఠశాలతో ఆగిపోయింది. అయినా ఉదయం దినపత్రిక చదవనిదే ఆమె ఎసరు పెట్టదు. చదివే పద్ధతి మాత్రం వేరు. మొదట బజారు ధరలు, తరువాత వాతావరణం, ఆ తరువాతనే మొదటి పేజీ. “ధర మారిందంటే ఎక్కడో ఏదో జరిగిందన్నమాట. అదేమిటో ఆ తర్వాత వెతుక్కోవచ్చు” అని ఆమె సిద్ధాంతం.

2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యాలు ఉక్రెయిన్‌పై దండెత్తాయి. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్న మనుమడు ఆ దేశం ఎక్కడుందో నాయనమ్మకు పటంలో చూపించాడు. కొద్దిరోజులకు ఆమె అతనికి నూనె పాకెట్ మీది ధర చూపించింది. మనదేశం పొద్దుతిరుగుడు నూనెను అధికంగా దిగుమతి చేసుకునేది ఆ రెండు దేశాల నుండే. ఆ ఏడాది ఏప్రిల్ చివరలో ఇండోనేషియా పామాయిలు ఎగుమతిని నిషేధించింది. మే నెలలో నిషేధాన్ని ఎత్తివేసినా, ఆ మధ్యకాలంలో ఆ ఇంట గారెల మూకుడు పొయ్యి ఎక్కలేదు. “యుద్ధం ఎక్కడో జరుగుతోందని అనకురా నాన్నా! మన మూకుట్లోకి వచ్చింది చూడు” అని ఆమె అన్న మాట మనుమడికి పాఠం కంటె బాగా గుర్తుండిపోయింది.

ఇంట్లో వండే బియ్యాన్ని గురించి ఆమెకు కొంత గర్వం ఉంది. అది బాపట్లలో పుట్టిన వంగడం. 1945లో వ్యవసాయ కళాశాల ఏర్పడిన ఆ పట్టణంలోని శాస్త్రవేత్తలు రూపొందించిన బీపీటీ 5204 రకం, అనగా సాంబ మసూరి, 1986లో విడుదలైంది. సన్నని గింజ, మంచి రుచి గల ఈ బియ్యం తెలుగువారి కంచాలలోనే గాక ఇతర రాష్ట్రాలలోనూ స్థానం సంపాదించుకొన్నది. అయితే దాని వంశవృక్షం కేవలం మన ప్రాంతానిది కాదు. కోయంబత్తూరులో ఎంపిక చేసిన జీఈబీ 24, తైవాన్ నుండి వచ్చిన టీఎన్ 1, మలేషియా నుండి వచ్చిన మసూరి అనే మూడు రకాల సంకరం వల్ల అది ఏర్పడింది. బాపట్లలోని చిన్ననాయనమ్మ ఇంటికి వెళ్ళినప్పుడు తెలుసుకొన్న ఈ సంగతిని మనుమడు చెప్పి, “మన బియ్యం మనది కాదట” అని నవ్వాడు. ఆమె మాత్రం తడుముకోలేదు. “కోడలు ఏ ఊరి నుంచి వచ్చినా కాపురం చేసిన ఇంటి మనిషే అవుతుంది. విత్తనమూ అంతే” అన్నది.

పరాయిదేశం నుండి వచ్చే ప్రతిదానినీ ఆమె ఇలాగే ఆదరిస్తుందని అనుకోరాదు. కృష్ణా పశ్చిమ డెల్టాలో వరి కోతకు ముందే ఆ చేలలో మినుములు చల్లడం చిరకాలపు ఆచారం. నేలలో మిగిలిన తడితోనే ఆ పైరు పండేది. ఇంటి పప్పు ఇంటికి సరిపోయేది. తరువాతి కాలంలో పల్లాకు తెగులు విజృంభించడంతో చాలామంది రైతులు మొక్కజొన్నకు, జొన్నకు మారారు. నేడు మనదేశం మియన్మార్ నుండి మినుములను, మొజాంబిక్ వంటి ఆఫ్రికా దేశాల నుండి కందులను కొంటున్నది. దీనిని ఆమె లోటుగానే భావిస్తుంది. విత్తనం బయటి నుండి వస్తే మనకు ఒక విద్య వచ్చినట్లు, పప్పు బయటి నుండి వస్తే మన చేను ఒక విద్య మరచినట్లు అని ఆమె అభిప్రాయం. ఇచ్చిపుచ్చుకోవడానికి, ఆధారపడిపోవడానికి గల భేదం ఈ మాటలో ఉంది.

ఆమె ఆలోచనకు అసలైన పరీక్ష 2023 జూలైలో వచ్చింది. ఆ నెల 20వ తేదీన కేంద్రప్రభుత్వం బాస్మతీయేతర తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. దేశంలో ధరలు పెరగకుండా చూడడం దాని ఉద్దేశం. తెనాలిలోని కొడుకు, మంచి పని జరిగిందన్నాడు. అమెరికాలోని కూతురు ఫోన్ చేసి, దుకాణాల ముందు జనం బారులు తీరారని, బియ్యం బస్తాలు దొరకడం లేదని వాపోయింది. రేపల్లె నుండి వచ్చిన తమ్ముడు, “అక్కయ్యా! కొనేవాళ్ళ కోసం అందరూ ఆలోచిస్తారు. పండించేవాడికి నాలుగు రూపాయలు వచ్చే వేళకే తలుపు మూస్తారు” అని బాధపడ్డాడు. ముగ్గురూ ఆమెకు కావలసినవారే; ముగ్గురి మాటలోనూ నిజం ఉంది.

ఈ ముగ్గురికీ తట్టని నాలుగో మనిషిని ఆమె గుర్తు చేసింది. ప్రపంచంలో వర్తకమయ్యే బియ్యంలో అప్పటికి సుమారు 40 శాతం మనదేశం నుండే వెళ్ళేది. ఆఫ్రికా ఖండంలోని పలు దేశాలు మన బియ్యం మీద ఆధారపడి ఉన్నాయి. ఆ మాట పత్రికలో చదివినప్పుడు ఆమెకు 1977 నవంబరు 19 నాటి ఉప్పెన జ్ఞాపకం వచ్చింది. దివిసీమను ముంచిన ఆ ఉప్పెన రేపల్లె ప్రాంతాన్నీ విడిచిపెట్టలేదు. పండిన వరి ఉప్పునీటి పాలైంది. అప్పుడు ఆమె పుట్టింటివారు ముఖమైనా ఎరుగని మనుషులు వండి పంపిన అన్నం తిని బతికారు. “నీకు సన్నబియ్యం దొరక్కపోతే మరో బియ్యం దొరుకుతుందమ్మా. ఆ దేశాల్లో వాళ్ళకు ఇదీ దొరక్కపోతే పస్తే” అని కూతురికి చెప్పింది. మన ప్రజలకు కావలసినంత నిలువ ఉంచుకోవడం తప్పు కాదని, ఆ కారణంగా రైతుకు తగ్గే రాబడిని భర్తీ చేయకపోవడం తప్పని, మిగిలిన దానిలో డబ్బున్నవారి కంటె ముందు ఆకలిగొన్నవారికి ఇవ్వడం ధర్మమని ఆమె తీర్పు. ఆహారభద్రత అవసరమైన కొన్ని దేశాలకు ప్రభుత్వం ప్రత్యేకానుమతితో బియ్యం పంపిందని తెలిసి సంతోషించింది. 2024 సెప్టెంబరులో నిషేధం తొలగినది గాని, నాడు తమ్ముడు అడిగిన ప్రశ్న తొలగలేదు. 2025 ఆగస్టులో అమెరికా మన వస్తువులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు తీరప్రాంతపు రొయ్యల రైతులు అదే ప్రశ్న వేశారు. ధర నిర్ణయించేవాడొకడు, నష్టం భరించేవాడొకడు కావడం న్యాయమా?

ఆమె అభిప్రాయాలన్నీ సరియైనవని చెప్పలేము. 2023లో టమాటా ధర మండిపోయినప్పుడు ఆమె నేరమంతా వ్యాపారుల మీద మోపింది. వానలు, తెగుళ్ళు పంటను దెబ్బతీసిన సంగతిని మనుమడు చదివి వినిపించిన తరువాత తన మాట సవరించుకొన్నది. ధర ఒక లక్షణం మాత్రమే; కారణం తెలియడానికి చదువు కావాలి. వంటింటి అనుభవానికి పుస్తక విజ్ఞానం తోడైనప్పుడే అభిప్రాయం నిలకడగా ఉంటుంది.

మన సాహిత్యం ఈ రెండింటినీ ఏనాడూ వేరు చేయలేదు. శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు ఏ ఋతువులో అతిథులకు ఏ వంటకాలు వడ్డించేవాడో ఆదరంతో వర్ణించాడు, అదే కావ్యంలో రాజనీతినీ విస్తరించి చెప్పాడు. సామ్రాజ్యమేలిన కవికి వంటకాల ముచ్చట చిన్నదిగా తోచలేదు. ఆధునిక కాలంలో మాలతీ చందూర్ ‘ఆంధ్రప్రభ’ వారపత్రికలోని ‘ప్రమదావనం’ శీర్షికను దశాబ్దాల తరబడి నిర్వహించి, పాఠకులు అడిగిన నానావిధ ప్రశ్నలకు సమాధానాలిచ్చారు. వంటల పుస్తకం రాసిన ఆమె చేతితోనే ప్రపంచ ప్రసిద్ధ నవలలను తెలుగువారికి పరిచయం చేశారు. ‘హృదయనేత్రి’ నవలకు 1992లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. పోపు పెట్టే చేయి ప్రపంచాన్ని గురించి రాయగలదని ఆమె జీవితం నిరూపించింది.

భోజనానికి కూర్చున్న విద్యార్థి కంచంలోని నాలుగు పదార్థాలు ఎక్కడ పండాయో, వాటి వల్ల ఎవరికి ఎంత దక్కిందో ఒక్కసారి విచారించి చూడాలి. అర్థశాస్త్రం, భూగోళశాస్త్రం, చరిత్ర అక్కడే కనిపిస్తాయి. ఇంట్లో ఆ విషయాలు చర్చకు వచ్చినప్పుడు వడ్డించే తల్లిని కూడా కూర్చోబెట్టి ఆమె అభిప్రాయం అడగాలి. తెనాలిలోని ఆ ఇంట ఇప్పుడు దినపత్రికను ఇద్దరూ కలిసే చదువుతున్నారు. మొదటి పేజీ మనుమడు చదివి వినిపిస్తాడు. ధరల పట్టిక ఆమె చదువుతుంది. ఆ తరువాతనే పొయ్యి మీద ఎసరు పెడతారు.