అక్షరాలకు రంగులున్నాయా?

"అమ్మా! 'అ' యెర్రగా వుంది, 'క' ఆకుపచ్చగా వుంది" అని మీ పాప పలక ముందు కూర్చుని అన్నదనుకోండి. మీరేమంటారు? పలక నలుపు, బలపం తెలుపు, నీకు యెరుపెక్కడ కనపడిందే పిచ్చిపిల్లా అని నవ్వేస్తారు. తాతగారు కళ్లు చూపించమంటారు. పంతులుగారైతే కబుర్లు కట్టిపెట్టి గుణింతం రాయమంటారు. దాంతో ఆ పిల్ల యింకెప్పుడూ ఆ మాట యెత్తదు. యెత్తనంత మాత్రాన ఆ యెరుపు పోదు. పదిమందికీ లేనిదేదో తనకున్నదన్న బెరుకు మాత్రం మిగిలిపోతుంది.

నిజానికది కంటి జబ్బూ కాదు, కట్టుకథా కాదు. దీన్ని శాస్త్రజ్ఞులు సినెస్థీషియా అంటారు. 1812లోనే జార్జ్ సాక్స్ అనే జర్మను వైద్యుడు తనకు అక్షరాలు రంగులతో తోస్తాయని రాసిపెట్టాడు. అలాంటివాళ్లు నూటికి ఒకరో యిద్దరో వుంటారు. యీ గుణం కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వస్తూంటుంది.

యిక్కడే వొక చిక్కున్నది. గుణం పుట్టుకతో రావచ్చు గాని, అక్షరం పుట్టుకతో రాదు గదా! మన మైదుకూరుకు చేరువలోనే, కలమళ్లలో 575 ప్రాంతాన శాసనం చెక్కినవాడైనా వొకరి దగ్గర నేర్చుకున్నవాడే. నేర్చుకున్న అక్షరానికి రంగు యెక్కణ్ణించి వచ్చినట్టు?

అమెరికాలో 1970 దశకం నుంచి ఫిషర్-ప్రైస్ వారి అయస్కాంతపు అక్షరాలు అమ్మేవారు. పిల్లలు వాటిని బీరువాలకు అంటించి ఆడుకునేవారు. వాటిలో ఏ యెరుపు, బి నారింజ, సి పసుపు. 2013లో విట్‌హాఫ్ట్, వినావర్ అనే పరిశోధకులు పదకొండుమందిని పరీక్షిస్తే, పెద్దవాళ్లయినా వాళ్ల మనసులోని రంగులు దాదాపు ఆ బొమ్మల రంగులే! 2015లో ఆరున్నర వేలమందికి పైగా పరిశీలిస్తే, నూటికి ఆరుగురికి ఆ బొమ్మల రంగులే కుదిరాయి.

తక్కిన తొంభైనలుగురి మాటో? వాళ్ల రంగులకు వేరే దారులున్నాయి. ఇంగ్లీషు చదువుకున్నవాళ్లలో చాలామందికి 'వై' పసుపుగానే తోస్తుంది. ఆ రంగు పేరు ఆ అక్షరంతోనే మొదలవుతుంది గనక! పసుపు పండే మన వైపు పిల్లకు 'ప' పసుపుగా తోస్తే వింతేముంది? జపాను వాళ్లకు వొకే ధ్వనికి రెండు లిపులున్నాయి. రూపం వేరైనా ధ్వని వొకటైతే రంగూ వొకటే అవుతున్నదని అక్కడి పరిశోధకులు చూశారు. 2009లో మరికొందరికి గ్లాగోలిటిక్ అనే పాత స్లావు లిపి చూపించి పది నిమిషాలు రాయిస్తే, ఆ కొత్త అక్షరాలకూ రంగులు అంటుకున్నాయి. అంచేత నేల పుట్టుకతో వచ్చినా, విత్తు వేసేది చదువే.

ఆ పంట వొక్కనాటితో రాదు. బ్రిటనులో జూలియా సిమ్నర్ బృందం యిలాంటి పిల్లల్ని కొన్నేళ్లపాటు గమనించింది. ఆరేడేళ్ల వయసులో అక్షరాల్లో, అంకెల్లో మూడో వంతుకే రంగులు స్థిరపడ్డాయి. మరో యేడాదికి దాదాపు సగానికి, పది పదకొండేళ్లకు నూటికి డెబ్భైకి స్థిరపడ్డాయి. తల్లులు గుర్తుంచుకోవలసింది యిదే. నిరుడు నీలమన్న 'మ'ను మీ అమ్మాయి యీ యేడు వూదా అంటే అబద్ధమాడిందని కోప్పడకండి. దాని రంగులింకా కుదురుకుంటున్నాయన్న మాట.

నవలాకారుడు నబొకొవ్ తన యేడో యేట చెక్క అక్షరాలతో ఆడుకుంటూ, వీటి రంగులన్నీ తప్పని తల్లితో అన్నాడు. ఆవిడ నవ్వలేదు. ఆవిడకూ కొన్ని అక్షరాలు రంగుల్లోనే తోచేవి. శ్రద్ధగా విన్నది. ఆ సంగతి ఆయన పెద్దయ్యాక తన జ్ఞాపకాల్లో ఆదరంగా రాసుకున్నాడు.

అందరు తల్లులకూ అక్షరాలు రంగుల్లో తోచవు. కాని వినటానికి రంగులక్కరలేదు, కాస్త తీరిక చాలు. పాప చెప్పిన రంగులు వొక కాగితం మీద రాసి దాచండి. యేటా వొకసారి, ఆ కాగితం చూపించకుండా మళ్లీ అడగండి. యేవి నిలిచాయో, యేవి మారాయో మీకే తెలుస్తుంది. రంగుల్లేని పిల్లకు బలవంతాన పులమనూ వద్దు, వున్న పిల్లకు తుడవనూ వద్దు.