తాడుకు అవతల నల్లోడు



పాస్టరును పెండ్లికి పిలుస్తారు, గృహప్రతిష్ఠకు పిలుస్తారు, పొలము గట్టు తగవు తీర్చడానికి కూడా పిలుస్తారు. కుక్కల పోటీకి న్యాయనిర్ణేతగా పిలవడము మాత్రము మాకు అదే మొదలు. మా ఇంట్లో కుక్క లేదు. ఉన్నది ఒక పిల్లి, అదీ మా మాట వినదు.

"కుక్కల సంగతి నేను చెబుతాను అయ్యగారూ. మీరు కూర్చుంటే ఎవరూ తగవు పెట్టుకోరు" అన్నారు పశువైద్యులు. ఆ మాట ఎంత పొరపాటో సాయంకాలమునకు తెలిసింది.

గుంటూరు జిల్లాలోని మా పట్టణములో, జూనియర్ కళాశాల మైదానములో, 2024 సెప్టెంబరు 28 శనివారము ఆ పోటీ జరిగింది. తేదీని ఊరకే పెట్టలేదు. రేబిస్ టీకాను కనిపెట్టిన లూయీ పాశ్చర్ 1895లో ఆ తేదీననే మరణించారు. దానిని ప్రపంచ రేబిస్ దినముగా పాటిస్తున్నారు. కుక్కకు 100 రూపాయల రుసుము. వచ్చిన సొమ్మంతా వీధి కుక్కలకు టీకాలు వేయించడానికే. ఒక ఊరిలోని కుక్కలలో నూటికి 70కి టీకా పడితే వ్యాధి వ్యాపించడము ఆగుతుందట. పెంపుడు కుక్కలకు మాత్రమే వేయించుకుని కూర్చుంటే ఆ లెక్క ఎన్నటికీ తెగదు.

ముద్దుగా ఉన్నదానికి మార్కులు వేయవచ్చునని మేము అనుకున్నాము. పెద్ద పోటీలలో అలా కాదట. ఒక కుక్కను మరొక కుక్కతో పోల్చరు. ఆ జాతి ఎలా ఉండాలో వ్రాసి పెట్టిన ప్రమాణముతో పోలుస్తారు. పళ్ళ వరుస, వెన్ను, నడక, అన్నీ చూస్తారు. వచ్చినవాటిలో లాబ్రడార్లు, అల్సేషియన్లు, మన ఇళ్ళలో ఎప్పటినుండో ఉన్న బొచ్చుకుక్కలు ఉన్నాయి. తమిళనాడు నుండి తెచ్చుకున్న రాజపాళయం ఒకటి, తెల్లని ఒళ్ళు, గులాబి రంగు ముక్కు. 2005లో మన తపాలా శాఖ ఆ జాతికి బిళ్ళ కూడా వేసింది. చివరకు మొదటి బహుమతి దానికే ఇచ్చాము. విధేయత పోటీ సంగతి చెప్పనక్కరలేదు. "కూర్చో" అని అరచి అరచి యజమానులే చతికిలబడ్డారు.

అసలు సంగతి ప్రవేశము దగ్గర జరిగింది. టీకా కార్డు లేని కుక్కను లోపలికి రానీయకూడదని నియమము. తొమ్మిదేండ్ల పిల్లవాడు ఒకడు పాత చీర అంచును మెడకు కట్టి ఒక నల్ల కుక్కను తెచ్చాడు. చేతిలో 100 రూపాయలు, అన్నీ చిల్లర.

"కార్డు ఏది బాబూ?"

"లేదు అయ్యగారూ. ఇప్పుడు సూది వేయించండి, నల్లోడు ఏడవడు."

వైద్యులు తల అడ్డముగా ఊపారు. మొదటిసారి వేసిన టీకా బలము పుంజుకోవడానికి మూడు నాలుగు వారములు పడుతుంది. ఇప్పుడు వేసి ఇప్పుడే లోపలికి పంపడము కుదరదు. మేము వానిని వెనుకకు పంపాము. వాడు వెళ్ళిపోలేదు. తాడుకు అవతల, ఎండలో, కుక్కతో నిలుచున్నాడు.

తరువాత పది నిమిషములకు మా సంఘ పెద్ద ఒకరు తన లాబ్రడార్‌తో వచ్చారు. షామియానా ఇచ్చినది ఆయనే. కార్డు చూస్తే టీకా 2023 జూలైలో వేయించినది. ఏడాది దాటిపోయింది.

"రెండు నెలలే కదా అయ్యగారూ!"

నిజము చెప్పాలి. ఆ కార్డును చూసీ చూడనట్లు మడిచి ఇచ్చేద్దామని మా మనస్సు లాగింది. పక్షపాతమును గురించి ఎన్ని ప్రసంగములు చేసియుంటామో! అవేవీ ఆ నిమిషమున గుర్తుకు రాలేదు. తాడు అవతలినుండి ఆ పిల్లవాడు మా చేతిలోని కార్డునే చూస్తున్నాడు. అందుచేతనే మాకు నోరు పెగిలింది. ఆయనను కూడా అవతల నిలువమన్నాము. ఆయన నిలువలేదు, కుక్కను కారులో ఎక్కించుకుని వెళ్ళిపోయారు. రెండు ఆదివారములు ఆరాధనకు వచ్చారు గాని మాకు వందనము చెప్పలేదు.

ఎవరికోసము ఆ సొమ్ము పోగుచేశామో ఆ కుక్కే తాడుకు అవతల మిగిలిపోయిందని మాకు రాత్రి గాని తట్టలేదు.

అక్టోబరు 1న పశువైద్యశాలలో టీకాలు మొదలుపెట్టారు. మేము వెళ్ళేసరికే ఆ పిల్లవాడు వరుసలో ముందున్నాడు. సూది పడినప్పుడు నల్లోడు నిజముగానే కిక్కురుమనలేదు. కాంపౌండరు కార్డు తీసి, యజమాని పేరు వ్రాయవలసిన చోట ఆగి, "వీధి కుక్క అని వ్రాయనా?" అన్నాడు.

"ఎందుకు? నా పేరు వ్రాయండి" అన్నాడు వాడు.

కార్డును చొక్కా జేబులో పెట్టుకుని, వచ్చే పోటీ ఎప్పుడని మమ్మల్ని అడిగాడు. ఏటా అదే తేదీన పెట్టాలని అనుకుంటున్నారని చెప్పాము.

"అప్పటికి ఇది చెల్లుతుందా?"

కాంపౌండరు వ్రేళ్ళమీద లెక్కవేసి, "చెల్లుతుందిరా. మూడు రోజులు మిగులుతాయి" అన్నాడు.