పొలం షెడ్డులో పని బల్ల ఉండాల్సిందే

బల్ల ఎట్లా కట్టుకోవాలో వీడియోలో చూపించాను. ఎందుకు కట్టుకోవాలో ఇక్కడ చెప్తాను. "అది వడ్రంగికి కావాల్సింది, మనకెందుకు?" అనేవాళ్లు చాలామంది ఉన్నారు.

నా మాట ఒకటే. ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చి యూరియా, పురుగుమందులు కొనడం మానుకున్నాం. ఘనజీవామృతం, నీమాస్త్రం ఇంట్లోనే చేసుకుంటున్నాం. కానీ గొర్రు బోల్టు విరిగినా, స్ప్రేయర్ వాషర్ పోయినా ఆదోనికో గుంతకల్లుకో బండెక్కుతున్నాం. మందుల అంగడి మానేసి రిపేరు అంగడి చుట్టూ తిరిగితే ఏం మిగిలినట్టు?

మన ఆలూరు వైపు ఇది చిన్న విషయం కాదు. నల్లరేగడి, వానను నమ్ముకున్న సేద్యం. వాన పడిన వెంటనే చేనులో దిగలేం, బంక పట్టుకుంటుంది. కాస్త ఆరినాక నాలుగు రోజులు పదును దొరుకుతుంది. సరిగ్గా అప్పుడే ఊరంతా గొర్లు కడతారు, వెల్డింగ్ షాపు ముందర వరుస కడతారు. జడ్డిగం పగిలిందనో, గొట్టం ఊడిందనో ఒక రోజు పోగొట్టుకుంటే పైపదును ఆరిపోయి మొలక పలచబడుతుంది. పదును కొనుక్కొచ్చే అంగడి ఎక్కడా లేదు.

వెనకటికి ఊళ్లోనే వడ్రంగి, కమ్మరి ఉండేవాళ్లు. కళ్లంలో వాళ్లకు మేర కొలిచేవాళ్లు, పనిముట్లు ఏడాది పొడుగునా వాళ్లే చూసుకునేవాళ్లు. ఆ పద్ధతి చాలా ఊళ్లలో పోయింది. బల్ల పెట్టుకుంటే ఉన్నవాళ్ల పని లాక్కున్నట్టు కాదు. కర్రు కాల్చి సాగగొట్టడం కమ్మరి చేతిపనే, అది మనకు రాదు. పిడి వేయడం, బోల్టు మార్చడం, కొడవలికి పదును పెట్టడం మాత్రం మనం చేసుకోవాల.

"నేల మీద కూర్చుని చేస్తే సరిపోదా?" అని అడుగుతారు. చేత్తో చేసే పనికి సరిపోతుందేమో. ఇప్పుడు ఇంటింటా గ్రైండర్, డ్రిల్లింగ్ మెషీన్ వచ్చాయి. ఇనుప ముక్కను కాలితో తొక్కిపట్టి గ్రైండర్ ఆడిస్తే ఎప్పుడో ఒకరోజు పాదం పోతుంది. వస్తువును వైస్‌లో బిగించి, కళ్లద్దాలు పెట్టుకుని, రెండు చేతులతో మెషీన్ పట్టుకోవాల. ఈ ఒక్క కారణం చాలు బల్ల కట్టుకోవడానికి.

పెద్దది అక్కర్లేదు. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు చాలు. నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు ఎక్కడికి వస్తుందో అంత ఎత్తు పెట్టుకోండి; చాలామందికి 32 నుంచి 34 అంగుళాలు వస్తుంది. ఇంట్లో ఆడవాళ్లూ వాడతారు కాబట్టి వాళ్లను నిలబెట్టి కొలవండి. కాళ్లకు బాగా ఎండిన నల్లతుమ్మ వాడండి, పచ్చి కట్టె వంకర పోతుంది. పైన పాత తలుపు చెక్క వేసినా పనికొస్తుంది. కాళ్ల మధ్య ఏటవాలు కట్టెలు కొట్టకపోతే రంపం లాగినప్పుడల్లా బల్ల ఊగుతుంది. వైస్‌ను బల్ల నడిమధ్యలో కాకుండా, కాలు ఉన్న మూల మీదనే బిగించండి. అడుగున ఒక అర వేస్తే పానాలు, గొట్టాలు అందులో పోతాయి. ఆ బరువుకు బల్ల కూడా కదలదు.

మన రైతులకు ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. వైస్‌కు ఎదురు చివర బందులతో ఒక మడత రెక్క పెట్టండి. విత్తనం జల్లెడ పట్టడం, నవధాన్యాలు కలపడం, బీజామృతం పట్టించిన విత్తనం నీడలో ఆరబెట్టడం ఆ రెక్క మీదనే చేయాల. గ్రీజు, డీజిల్ వైస్ వైపే ఉండాల. ద్రావణాలు వడకట్టే గుడ్డ, స్ప్రేయర్ జాలీ కూడా రెక్క వైపే. సూక్ష్మజీవుల కోసం ఇంత కష్టపడి, డీజిల్ చేతులతో వాటిని చంపుకోకూడదు. పని అయ్యాక రెక్క దించేస్తే షెడ్డులో బండికి దారి దొరుకుతుంది.

ఖర్చంతా దాదాపు వైస్‌దే. ఒక్కరికి బరువైతే నలుగురు రైతులు కలిసి ఒకటి పెట్టుకోండి. ఎండాకాలంలో ముందస్తు నవధాన్యాలు వేసే నాటికే బల్ల నిలబడాల. గొర్రు, గుంటక, స్ప్రేయర్ ఒక్కొక్కటే దాని మీదికి ఎక్కించి చూసుకోండి. మొదటి పదును వాన పడే సరికి మన చూపు చేను మీద ఉండాల గానీ, వెల్డింగ్ షాపు వరుస మీద కాదు.